కన్యాశుల్కంలో రెండు పట్టణాలు: నివాసయోగ్యత – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
‘కన్యాశుల్కం’ నాటకంపై వచ్చిన విమర్శ ఎక్కువగా అగ్రహారాలను, అక్కడి బాల్యవివాహాలను కేంద్రంగా చేసుకొంది. అయితే గురజాడ అప్పారావు 1909 నాటి రెండవ కూర్పులో కథను విజయనగరంలో ప్రారంభించి విశాఖపట్నంలో ముగించారు. మొదటిది సంస్థానపు రాజధాని, రెండవది జిల్లా కేంద్రం. ఈ రెండు పట్టణాల్లో ఎవరు, దేని ఆధారంగా బతకగలుగుతున్నారో పరిశీలిస్తే నాటకంలోని సంస్కరణకు ఉన్న హద్దు తెలుస్తుంది.

విజయనగరం – మాట మీద జీవనం:
విజయనగరంలో గిరీశానికి ఆస్తి లేదు, స్థిరమైన కొలువు లేదు. పూటకూళ్ళమ్మ సొమ్ము, ఫొటోగ్రాఫుల బాకీ, వెంకటేశానికి చెప్పే చదువు – ఇవే అతని జీవనాధారాలు. అందరూ ఒకరినొకరు ఎరిగిన ఊరు కనుక మాటకు అప్పు పుడుతుంది; అదే కారణంగా అప్పులవాళ్ళకు అతని జాడ కూడా దొరుకుతుంది. పోషించిన పరిచయాలే చివరకు అతన్ని ఊరు దాటిస్తాయి. ఇదే పట్టణంలో మధురవాణికి సొంత ఇల్లు, వృత్తి, రామప్పంతులుతో షరతులు మాట్లాడుకోగల స్వేచ్ఛ ఉన్నాయి. ఆమె గౌరవం పరిమితమైనదే కాని, ఆమె ఉనికిని ఊరు దాచిపెట్టదు.

విశాఖపట్నం – సాక్ష్యం మీద జీవనం:
విశాఖపట్నాన్ని నడిపేవి కోర్టు, వకీళ్ళు, సాక్షులు. ఇక్కడ మనిషి పూర్వచరిత్ర ఎవరికీ తెలియదు. అందువల్లనే విజయనగరం నుంచి పారిపోయిన గిరీశం ఇక్కడ సంస్కర్తగా చెలామణి కాగలిగాడు. మధురవాణి మాత్రం సౌజన్యారావు పంతులు ఇంటికి పురుషవేషంలో వెళ్ళవలసి వచ్చింది. వేశ్యల ముఖం చూడనన్న ఆయన నియమం ఆమెకు తలుపు మూసింది. నీతిపరుడైన వకీలు ఉన్న ఊరిలోనే ఆమె తన రూపాన్ని దాచుకోవలసి రావడం గమనార్హం. లుబ్ధావధాన్లను కాపాడే సత్యం, అంటే పెళ్ళికూతురు ఆడపిల్ల కాదన్న సంగతి, న్యాయస్థానపు విచారణలో బయటపడలేదు. ఆ ఇంటి గదిలో, ఆ నియమాన్ని ఉల్లంఘించి లోపలికి వచ్చిన స్త్రీ నోట వెలువడింది. అగ్రహారీకులు డబ్బు ధారపోసిన న్యాయవ్యవస్థ సాధించలేనిది మధురవాణి లోకజ్ఞానం సాధించింది.

ముగింపు:
విజయనగరం పాతదనానికి, విశాఖ ఆధునికతకు ప్రతీకలని తేల్చివేస్తే బుచ్చమ్మ విషయానికి సమాధానం దొరకదు. గిరీశం బండారం బయటపడ్డాక సౌజన్యారావు ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలని నిశ్చయిస్తాడు. ఆ రంగంలో బుచ్చమ్మ లేదు. ఆమె అభీష్టాన్ని ఎవరూ అడగలేదు. 1881లోనే వీరేశలింగం రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించారు. అయినా 1909 నాటి నాటకంలో ఈ తెలుగు వితంతువుకు తెలుగు పట్టణాల్లో చోటు కనిపించలేదు. గిరీశం రెండు ఊళ్ళలోనూ కొంతకాలం నెగ్గుకురాగలిగాడు. బుచ్చమ్మ ఏ ఊరిలోనూ స్వతంత్రంగా నిలబడలేకపోయింది. పట్టణం నివాసయోగ్యమా కాదా అన్న ప్రశ్నకు గురజాడ నాటకం ఇచ్చే కొలమానం ఇదే: అక్కడ అండలేని స్త్రీ తన పేరుతో, తన ఇష్టంతో నిలువగలదా?