వాటర్స్ మాట, గిల్మర్ తీగ

రోజర్ వాటర్స్ లేని పింక్ ఫ్లాయిడ్ పింక్ ఫ్లాయిడేనా? ఈ రాక్ బ్యాండ్‌కి మాటలు రాసే వాటర్స్ విడిపోయాక, ఈ ప్రశ్న 1986లో లండన్ హైకోర్టు మెట్లెక్కింది. ఏడాదికి పైగా లాయర్లకి చేతినిండా పని దొరికాక, 1987 డిసెంబర్‌లో, థేమ్స్ నది మీద గిటారిస్టు డేవిడ్ గిల్మర్‌కున్న పడవ ఇంట్లో రాజీ కుదిరింది. బ్యాండ్ పేరు గిల్మర్‌కీ, డ్రమ్మర్ నిక్ మేసన్‌కీ మిగిలింది. 'ద వాల్' ఆల్బమ్ ఆలోచన మీద హక్కులు వాటర్స్ పాలయ్యాయి. కోర్టు గొడవ అక్కడితో సరి. అభిమానుల కేసు మాత్రం ఇప్పటికీ వాయిదాల మీద నడుస్తూనే ఉంది.

పాట గొప్పదనం రాసినవాడిదా, బాణీ కట్టినవాడిదా అన్న తగువు మనకి కొత్త కాదు. కె.వి. మహదేవన్ సాహిత్యం చేతికొచ్చాకే బాణీ కట్టేవారని గుర్తుచేసి కవి పక్షాన నిలబడేవాళ్లున్నారు. ఇళయరాజా బాణీలు వినిపించి, ముందు ఇది పుట్టింది కాబట్టే ఆ మాటలు వచ్చాయనేవాళ్లూ ఉన్నారు. అయితే సినిమా పాటలో కవి, సంగీత దర్శకుడు వేరువేరు మనుషులు. ఎవరి వాటా ఎంతో తేల్చడం కాస్త తేలిక. రాక్ బ్యాండ్‌లో అలా గీత గీసి ఉండదు. నలుగురు ఒకే గదిలో చేసిన పనిలో ఎవరి చెయ్యి ఎక్కడుందో చెవితోనే పట్టుకోవాలి.

పైగా ఇక్కడ తూచేది పాటని కాదు, ఆల్బమ్‌ని. ఎల్పీ రికార్డుకి ఒక్కో వైపు సుమారు ఇరవై నిమిషాల సంగీతం పడుతుంది. ఏ పాట ఏ వైపు రావాలి, ఏది దేనికి అతుక్కోవాలి, రికార్డు తిరగేసే ఆ కాస్త విరామం ఎక్కడ పడాలి అన్నవన్నీ రచనలో భాగమే. అందుకే చెయ్యి తిరిగిన అభిమాని "నీకు ఏ పాట ఇష్టం?" అని అడగడు. "ఆ పాట అక్కడెందుకుంది?" అని అడుగుతాడు.

మన ఇంజనీరింగ్ హాస్టళ్లలో పింక్ ఫ్లాయిడ్ పేరు విన్నవాళ్లలో చాలామందికి తెలిసింది బడిపిల్లల కోరస్ ఉన్న 'వాల్' పాట ఒక్కటే. దాన్ని విడిగా వింటే చదువులకి, మాస్టార్లకి వ్యతిరేకంగా నినాదం. పరీక్షల ముందు అరుచుకోడానికి బాగుంటుంది. ఆల్బమ్‌లో దాని వెంటనే వచ్చే పాట కొడుకుని కొంగు దాటనివ్వని తల్లి గురించి. ఆ కుర్రాడు పెద్దయి, తన చుట్టూ తానే గోడ కట్టుకుని, చివరికి వేదిక మీద ఫాసిస్టు నాయకుడిలా ఊగిపోతాడు. అంటే మాస్టారి మీద తిరగబడ్డ ఆ పిల్లాడే రేపటి నియంత. ఈ సంగతి పట్టుకోకుండా వాదనకి దిగితే పాత అభిమానులు మర్యాదగానే నవ్వి ఊరుకుంటారు.

అభిమానుల్లో స్థూలంగా మూడు పక్షాలు. మొదటిది సిడ్ బారెట్ పక్షం. 1965లో లండన్‌లో బ్యాండ్ మొదలైనప్పుడు వాటర్స్, మేసన్, కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్ ఆర్కిటెక్చర్ చదువుకున్న కుర్రాళ్లు. పాటలు కట్టేవాడు, గిటార్ పట్టేవాడు, ఇద్దరు బ్లూస్ గాయకుల పేర్లు కలిపి బ్యాండ్‌కి ఆ పేరు పెట్టినవాడు కేంబ్రిడ్జ్ నుంచి వచ్చిన చిత్రకళా విద్యార్థి సిడ్. 1967 నాటి తొలి ఆల్బమ్ దాదాపు అతనిదే. మరుసటి ఏడాదికల్లా ఎల్‌ఎస్‌డీ, మానసిక అస్వస్థత కలిసి అతన్ని వేదిక మీద నిలబడలేనివాణ్ణి చేశాయి. గిల్మర్ వచ్చాడు, సిడ్ వెళ్లిపోయాడు. ఆ తర్వాత వచ్చిందంతా అదే పేరు పెట్టుకున్న వేరే బ్యాండ్ అంటారు ఈ పక్షంవాళ్లు. వీళ్లతో వాదించి లాభం లేదు. ఒక్క మాట మాత్రం వాళ్లది నిజం: తర్వాత వచ్చిన గొప్ప పాటల్లో చాలావాటికి ముడిసరుకు సిడ్ లేకపోవడమే.

అసలు యుద్ధం వాటర్స్ పక్షానికీ గిల్మర్ పక్షానికీ మధ్య. దానికి కురుక్షేత్రం 1973 మార్చిలో వచ్చిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 1988 దాకా మొత్తం 741 వారాలు నిలిచిన రికార్డు ఇది. మాటలన్నీ వాటర్స్ ఒక్కడే రాసిన తొలి ఆల్బమ్ కూడా ఇదే. అతని మీద మొదటి అభియోగం ఇక్కడే పడుతుంది. కాలం, డబ్బు, చావు, పిచ్చి గురించి ఇంత తేలిక మాటలా, ఇంటర్ కుర్రాడి డైరీలా ఉంది అని.

కాగితం మీద చదివితే ఆ అభియోగం నిలబడుతుంది. కానీ 'టైమ్' పాటని చెవితో వినండి. ముందు గడియారాలన్నీ ఒక్కసారిగా గొల్లుమంటాయి. సౌండ్ ఇంజనీర్ అలన్ పార్సన్స్ పాత గడియారాల దుకాణానికి వెళ్లి ఒక్కోదాన్నీ విడివిడిగా రికార్డు చేసి తెచ్చిన మోత అది. ఆ తర్వాత మేసన్ చిన్న డ్రమ్ముల మీద ఆగి ఆగి వాయిస్తూ ఉంటాడు. పాట మొదలవదు. రెండు నిమిషాలు దాటాక గానీ మొదటి మాట వినబడదు. ఇంకా బోలెడు టైముందనుకుని రోజులు వెళ్లబుచ్చే కుర్రాడి గురించిన పాట, నోరు తెరవకముందే మన టైము రెండు నిమిషాలు తినేసింది! ఆ ఎదురుచూపు తర్వాత తేలిక మాట తేలికగా ఉండదు. చరణాలు గిల్మర్ గరుకు గొంతులో, మధ్య భాగాలు రైట్ మెత్తని గొంతులో వస్తాయి. తిట్టేది ఒకడు, నిట్టూర్చేది ఇంకొకడు. నలుగురి పేర్లూ రచయితలుగా పడ్డ చివరి పాట ఇదేనన్నది వాదనలో అందరూ వాడుకునే అస్త్రం.

'మనీ' సంగతి వేరు. నాణేల గలగల, కాగితం చింపిన చప్పుడు, గల్లాపెట్టె గంట, ఇవన్నీ విడివిడి టేపు ముక్కలుగా రికార్డు చేసి, స్కేలుతో కొలిచి కత్తిరించి, వలయంగా అతికించి తిప్పారు. ఆ వలయమే పాటకి తాళం. లెక్కపెడితే ఏడు. మిశ్ర చాపు అలవాటున్న చెవి ఇక్కడ తడబడదు గానీ, నాలుగు దెబ్బల రాక్ సంగీతానికి అలవాటుపడ్డవాళ్లకి కాలు ఎక్కడ వెయ్యాలో తెలియదు. సాక్సోఫోన్ ఆ ఏడులోనే వాయించుకుపోతుంది. గిల్మర్ గిటార్ వంతు రాగానే పాట నాలుగులోకి దిగుతుంది, ఊపిరి తీసుకున్నట్టుగా. ఏడు వాటర్స్ ఆలోచన, నాలుగు గిల్మర్ అవసరం. రెండు పక్షాలూ ఈ పాటని తమదే అనడంలో తప్పులేదు.

ఇదే ఆల్బమ్‌లో మాటల గొప్పదనం గురించి వాదించేవాళ్ల నోరు మూయించే భాగం ఒకటుంది. రికార్డు మొదటి వైపు చివర రైట్ పియానో మీద క్లేర్ టోరీ అనే గాయని ఒక్క పదం లేకుండా పాడిన ఆలాపన. చావు గురించిన ఈ ఆల్బమ్‌లో చావు అందరికంటే బాగా తెలిసేది ఆ గొంతులోనే. ఆ రోజు ఆమెకి ముట్టింది 30 పౌండ్లు. కోర్టుకెళ్లి, 2005లో రాజీ కుదిరాక గానీ రచనలో ఆమె పేరు చేరలేదు. పాటల మధ్య వినబడే మాటల సంగతీ ఇలాంటిదే. వాటర్స్ అట్టముక్కల మీద ప్రశ్నలు రాసి స్టూడియోలో కనబడ్డవాళ్లందరి చేతా జవాబులు చెప్పించాడు. బీటిల్స్‌లో పాడిన పాల్ మెకార్ట్నీ జవాబులు పక్కన పెట్టేశారు. స్టూడియో గేటు దగ్గర పనిచేసే జెరీ ఓడ్రిస్కాల్ మాటలతో ఆల్బమ్ ముగిసింది. పాటలు రాసినవాడికంటే గేటు దగ్గరాయన బాగా చెప్పాడని గిల్మర్ పక్షంవాళ్లు ఎత్తిపొడుస్తారు. ఎవరి మాట ఎక్కడ పెట్టాలో తెలియడం కూడా రాయడమే కదా!

నా లెక్కలో మొదటి స్థానం 1975 నాటి 'విష్ యూ వర్ హియర్'కి. సిడ్ గురించిన 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్' తొమ్మిది భాగాల పాట. గిటార్ మీద నాలుగే నాలుగు స్వరాలు ఒంటరిగా పలుకుతాయి, వాటి మీద కట్టడమంతా లేస్తుంది. గొంతు వినబడేసరికి ఎనిమిది నిమిషాలు దాటిపోతుంది. ఆ పాటని రెండు ముక్కలు చేసి ఆల్బమ్‌కి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి పెట్టాలన్నది వాటర్స్ పట్టు. గిల్మర్ వద్దన్నాడు. మిగతావాళ్లు వాటర్స్ వైపు తూగారు. అభిమానులు ఇప్పుడు పడుతున్న తగువు అప్పుడు స్టూడియోలోనే జరిగిందన్నమాట. వాటర్స్ చెప్పిందే సరైందని నేనంటాను. రెండు ముక్కల మధ్య ఉన్న పాటలు రికార్డు కంపెనీల కపటం గురించి, మనుషులు దూరమైపోవడం గురించి. సిడ్ జ్ఞాపకం అటూ ఇటూ కాపలా ఉండకపోతే అవి వట్టి సణుగుడయ్యేవి. 1975 జూన్ 5న ఆ పని జరుగుతున్న స్టూడియోకే సిడ్ చెప్పాపెట్టకుండా వచ్చాడు. ఒళ్లు వచ్చి, గుండు చేయించుకుని, కనుబొమలు కూడా గీయించుకున్న ఆ మనిషిని పాత స్నేహితులు చాలాసేపు గుర్తుపట్టలేదు.

ఆల్బమ్ పేరే ఉన్న పాట ఎత్తుగడ చూడండి. ఎవరో రేడియో స్టేషన్లు మారుస్తుంటారు. ఎక్కడో దూరంగా, సన్నగా గిటార్ వినిపిస్తుంది. కాసేపటికి ఈ గదిలో కూర్చున్న మనిషి దగ్గి, తన గిటార్ అందుకుని, రేడియోలోని దానికి తోడు వాయిస్తాడు. ఇక్కడ లేనివాడితో ఇక్కడున్నవాడు కలిసి వాయించడం! తర్వాత పాటలో చెప్పబోయేదంతా అక్కడే చెప్పేశారు. దీంట్లో మాట ఎవరిది, బాణీ ఎవరిది అని విడదీయడానికి నాకు చేతకాలేదు.

1977 నాటి 'యానిమల్స్' దగ్గరికి వచ్చేసరికి పక్షాలు స్పష్టంగా చీలిపోతాయి. రచయిత జార్జ్ ఆర్వెల్ జంతువుల కథ రష్యా మీద వ్యంగ్యమైతే వాటర్స్ జంతువులు బ్రిటన్ పెట్టుబడిదారీ సమాజంలో తిరుగుతాయి. ఒకళ్లనొకళ్లు కరుచుకుని పైకొచ్చే కుక్కలు, నీతులు చెప్పే పందులు, తలొంచుకు నడిచే గొర్రెలు. తిట్లు ఎక్కువ, తీగ తక్కువ అని గిల్మర్ పక్షం ఫిర్యాదు. పదిహేడు నిమిషాల 'డాగ్స్' విన్నాక ఆ ఫిర్యాదు ఎలా చేస్తారో నాకు అర్థం కాదు. 'షీప్' పాటలో ఒక చిన్న పనితనం ఉంది. పాదం చివర వాటర్స్ అచ్చుని సాగదీస్తాడు. ఆ సాగిన గొంతు అదే స్థాయిలో సింథసైజర్ స్వరంగా మారిపోతుంది. మనిషి ఎక్కడ ఆగాడో యంత్రం ఎక్కడ మొదలైందో అతుకు కనబడదు. మందలో కలిసిపోయే గొర్రె గురించి రాసిన కవికి అంతకంటే ఏం కావాలి?

'ద వాల్'లో 'కంఫర్టబ్లీ నమ్' బాణీ గిల్మర్‌ది, మాటలు వాటర్స్‌వి. ఆర్కెస్ట్రా ఎంత ఉండాలన్న దగ్గర ఇద్దరికీ పెద్ద గొడవైంది. చివరికి చెరికొంత వదులుకున్నారు. డాక్టరు మాటలు వాటర్స్ గొంతులో పొడిగా, రోగి మాటలు గిల్మర్ గొంతులో మత్తుగా వస్తాయి. ఇద్దరికీ పడకపోవడమే ఆ పాటకి ప్రాణమైంది. అదే సమయంలో రైట్‌ని బ్యాండ్ నుంచి పంపేసి, కచేరీలకి మాత్రం జీతానికి పెట్టుకున్నారు. ఆ కచేరీలకి నష్టం వచ్చింది. జీతగాడు కాబట్టి నలుగురిలో డబ్బు కళ్లజూసింది రైట్ ఒక్కడే.

తర్వాతవి క్లుప్తంగా. 1983 నాటి 'ద ఫైనల్ కట్' వెనక అట్ట మీద రచన వాటర్స్, వాయించింది పింక్ ఫ్లాయిడ్ అని అచ్చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆన్జియో దగ్గర చనిపోయిన తండ్రి కోసం కొడుకు పెట్టిన శోకం అది. నిజాయితీ ఉంది, గాలాడదు. 1994 నాటి 'ద డివిజన్ బెల్'లో గిల్మర్ తీగ హాయిగా సాగుతుంది. వాటర్స్ లేడు. మాటలు చాలావరకు గిల్మర్, అతనికి కాబోయే భార్య పాలీ శాంసన్ కలిసి రాశారు. వినడానికి సుఖంగా ఉంటుంది, పాట అయిపోయాక వెంటాడదు. 2023లో వాటర్స్ 'డార్క్ సైడ్'ని ఒంటరిగా మళ్లీ చేశాడు. గిటార్ సోలోలు తీసేసి, ముసలి గొంతుతో కొత్త మాటలు చదువుతూ పోయాడు. ఏభై ఏళ్ల వాదనకి ఇంతకంటే సాక్ష్యం దొరకదు. తీగ లేని మాట ఎలా ఉంటుందో అది చూపించింది, మాట లేని తీగ ఎలా ఉంటుందో 'డివిజన్ బెల్' చూపించింది. రెండూ బతికే ఉన్నాయి, రెండూ సగమే.

కాబట్టి నా తీర్పు 1973 నుంచి 1979 దాకా వచ్చిన నాలుగు ఆల్బమ్‌ల వైపే. మిగతావన్నీ వాటిని అర్థం చేసుకోవడానికి పనికొస్తాయి. కొత్తగా వినబోయేవాళ్లు బడిపిల్లల పాటతో మొదలుపెట్టకండి. ఫోన్‌లో షఫుల్ ఆపేసి, మొదటి నుంచి చివరిదాకా వరస తప్పకుండా 'యానిమల్స్' పెట్టండి. మొత్తం కలిపి నలభై రెండు నిమిషాల లోపే. మధ్యలో లేవాలనిపిస్తే మీరు గిల్మర్ పక్షం, లేవకపోతే వాటర్స్ పక్షం. ఆ తర్వాత వాదనకి రండి.