అడుగుల లెక్క, నడక తీరు: మల్టిపుల్ స్క్లెరోసిస్ పరిశోధనలో ధరించే సెన్సార్లు – ఒక విమర్శ

మల్టిపుల్ స్క్లెరోసిస్ వ్యాధిలో మెదడు, వెన్నుపాములలోని నరాల తంతువుల చుట్టూ ఉండే మైలిన్ పొర దెబ్బతింటుంది. దాని ఫలితం చాలామందిలో నడకలో బయటపడుతుంది. 1983లో జాన్ కుర్ట్జ్‌కే ప్రచురించిన ఇ.డి.ఎస్.ఎస్. అనే వైకల్య కొలమానంలో మధ్య మెట్లు నడక దూరం మీదే ఆధారపడ్డాయి. ఆసరా లేకుండా 500 మీటర్లు నడవగలిగితే 4.0, 200 మీటర్లే అయితే 5.0, 100 మీటర్లకు ఒక చేతికర్ర అవసరమైతే 6.0. దీనికి తోడు, 25 అడుగుల దూరం నడవడానికి పట్టిన సెకన్లను లెక్కించే పరీక్ష ఒకటి ఉంది. రెండూ ఆస్పత్రిలో, వైద్యుని కళ్ళ ముందు జరిగేవే. మిగిలిన రోజుల నడక నమోదు కాదు. మణికట్టుకో, నడుముకో, చీలమండకో కట్టుకునే సెన్సార్లు ఆ లోటును పూరిస్తాయన్నది ఇటీవలి పరిశోధనల వాదం. ఆ వాదంలో బలముంది, కాని దాని వెనుక పరిశీలించని ఊహ ఒకటి కూడా ఉంది.

బలం ముందు చెప్పుకోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు 95 మంది రోగులకు ఫిట్‌బిట్ ఇచ్చి, ఏడాది పాటు గమనించి, 2019లో ఫలితాలు ప్రకటించారు. మొదట్లో రోజుకు సగటున 4,766 అడుగులకన్నా తక్కువ వేసినవారిలో ఏడాది తరువాత వైకల్యం ఎక్కువయ్యే అవకాశం హెచ్చుగా కనిపించింది. ఆస్పత్రి గదిలో గడిచే కొన్ని నిమిషాలకు ఇది అందని సమాచారం.

అయితే ఎంత నడుస్తున్నారు అన్నది, ఎంత నడవగలరు అన్నదానికి సమానం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నాటి వర్గీకరణలోనే సామర్థ్యాన్నీ, నిత్యజీవితంలో జరిగే పనినీ వేరు చేసింది. అడుగుల లెక్క రెండవదాన్ని కొలుస్తుంది. వ్యాఖ్యానంలో మాత్రం అది తరచు మొదటిదానికి ప్రతినిధిగా మారిపోతుంది. పుత్తూరుకూ రేణిగుంటకూ మధ్యనున్న వడమాలపేటలో ఒక వ్యవసాయ కూలీ స్త్రీకి ఈ వ్యాధి ఉందనుకుంటే ఈ తేడా స్పష్టమవుతుంది. ఒంట్లో వేడి పెరిగితే ఈ వ్యాధి లక్షణాలు తాత్కాలికంగా ముదురుతాయి. రాయలసీమ మే నెలలో ఆమె అడుగులు తగ్గితే, తగ్గించినది వ్యాధి పురోగతా, ఎండా, పని దొరకకపోవడమా? పరికరం దగ్గర దీనికి జవాబు లేదు.

పరికరం అడుగును పోల్చుకునే తీరులోనూ చిక్కుంది. కదలికలో వచ్చే కుదుపు ఒక హద్దు దాటినప్పుడే అది అడుగుగా నమోదవుతుంది. నెమ్మదిగా, కాలీడ్చుకుంటూ నడిచేవారిలో ఆ కుదుపు తక్కువ కనుక లెక్క తప్పుతుంది. అంటే నడక ఎంత చెడితే కొలత అంత నమ్మరానిదవుతుంది. చేతికర్ర పట్టిన చేయి, చంకలో బిందెను అదిమిపట్టిన చేయి సహజంగా ఊగవు. మణికట్టు సెన్సారుకు ఆ నడక సగం కనబడదు. నడుము సెన్సారు మేలే, కాని చీరకుచ్చెళ్ళు అడుగును కుదించినప్పుడు ఆ కురచదనం వ్యాధిదా, కట్టుదా అన్నది తేల్చాలి.

ఇక్కడ తెలుగు రోగుల మాట తోడ్పడుతుంది. కాలు ఈడుస్తోంది అంటే పాదం ముందుభాగం లేవడం లేదు. తూలుతున్నాను అంటే చిన్నమెదడు వైపు చూడాలి. కాళ్ళు బిగుసుకుపోయాయి అంటే కండరాల బిగువు. చెప్పు జారిపోతోంది అన్నవారికీ, చెప్పు జారినా తెలియడం లేదు అన్నవారికీ మధ్య ఎంతో దూరముంది. మొదటిది బలహీనత, రెండవది స్పర్శ కోల్పోవడం. మన దేశపు నరాల వైద్యులు అడిగే ఈ చెప్పు ప్రశ్న, బూట్లకు సెన్సార్లు అమర్చే ప్రయోగశాలకు తట్టేది కాదు. నాలుగు లోపాలూ రోజుకు 3,000 అడుగులనే ఒకే అంకెగా మారవచ్చు. అడుగుల మధ్య కాలవ్యత్యాసం, పాదం లేచే కోణం, మలుపు తిరిగే వేగం విడివిడిగా చూస్తేనే అవి వేరుపడతాయి. యాక్సిలరోమీటరు, జైరోస్కోపు కలిసిన సెన్సార్లు ఆ పని చేయగలవు. అయినా సులభమైన అంకెకే ఆదరణ ఎక్కువ.

ఎముక విరిగితే పుత్తూరు కట్టు తెలియనివారు ఈ ప్రాంతంలో అరుదు. నరాల వల్ల వచ్చే కుంటుకు అంత గుర్తింపు లేదు. మంగుళూరులో జరిగిన అధ్యయనం లక్షకు 8.35 మందిలో ఈ వ్యాధిని చూపింది. సంఖ్య చిన్నది కనుక స్థానిక రోగుల నుంచే ప్రమాణాలు తయారు కావు. ముందు ఆరోగ్యవంతుల నడక కావాలి. తమిళుల పెరటాసి నెలలో తిరుమలకు కాలినడకన సాగే భక్తులు ఈ దారినే వెళతారు. తారురోడ్డు మీద, ఆపై అలిపిరి దారిలోని సుమారు 3,550 మెట్ల మీద, చెప్పులు లేని నడకకు ఇంతకన్నా మంచి క్షేత్రం ఎక్కడుంటుంది?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల జాబితాలో ఈ వ్యాధిని చేర్చింది. 40 శాతం వైకల్యం ధ్రువపడితే పింఛనుకు అర్హత, 2024 జూలై నుంచి రాష్ట్రంలో అది నెలకు 6,000 రూపాయలు. ఆ శాతం ఇప్పుడు సదరం శిబిరంలో ఒకనాటి పరీక్షతో తేలుతుంది. రేపు అక్కడికి మణికట్టు పట్టీ లెక్క వస్తే, కూలికి పోక తప్పక, తూలుతూనే రోజుకు 6,000 అడుగులు వేసే స్త్రీ, ఇంట్లో కూర్చోగలిగినవారికన్నా తక్కువ వికలాంగురాలిగా తేలవచ్చు.