ఆటను విడదీసే పనితనం

పాత ఆటలను కంప్యూటర్లోకి ఎక్కించడం కొత్తేమీ కాదు. అష్టాచెమ్మకూ పులి-మేకకూ ఫోన్ యాప్‌లు బోలెడున్నాయి. కానీ అక్కడ ఒక్కో ఆటకు ఒక్కో ప్రోగ్రాము. యాప్ మూలపడితే దానితో ఆటా మూలపడుతుంది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో కామెరాన్ బ్రౌన్ బృందం తయారుచేసిన ‘లూడీ’ దారి వేరు. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ నిధులతో 2018లో మొదలైన డిజిటల్ లూడీమ్ ప్రాజెక్టులో పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌లో ఇప్పుడు వెయ్యికి పైగా ఆటలున్నాయి. నన్ను ఆకట్టుకున్నది ఆ అంకె కాదు, ఒక్కో ఆటను రాసిపెట్టిన తీరు.

లూడీలో ఆట అంటే చిన్న పాఠం. ఆడేవాళ్లెందరు, పలక ఏది, పావులేవి, ఎలా మొదలు, ఎలా నడక, ఎప్పుడు ముగింపు – ఇవన్నీ కుండలీకరణాల్లో ఒకదానిలో ఒకటి ఒదిగి ఉంటాయి. ఈ ముక్కల్నే లూడీమ్‌లంటారు. అంతకుముందు స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన ఆటల వర్ణన భాష పూర్తిగా తర్కం మీద నడిచేది. అందులో ఏ గడి పక్కన ఏ గడి ఉందో, ఆఖరికి ఒకటి తర్వాత రెండు వస్తుందన్న సంగతితో సహా రాయాల్సి వచ్చేది. లూడీలో అడ్డంగా మూడు, నిలువుగా మూడు గళ్లున్న పలకను ఒక్క మాటలో చెప్పేయవచ్చు.

అసలు నేర్పు ముక్కను ఎక్కడ కోయాలో తెలియడంలో ఉంది. మరీ చిన్నగా కోస్తే ఆట రూపు కనబడదు, మరీ పెద్దగా కోస్తే ఆ ముక్క మరో ఆటకు పనికిరాదు. ఒక గుంటలోని గింజలన్నీ తీసి, వరసగా ఒక్కొక్కటీ వేసుకుంటూ పోవడాన్ని వీళ్లు ఒకే లూడీమ్‌గా ఉంచారు. ఆఫ్రికాలోని మంకాలా ఆటలకూ మన వామనగుంటలకూ అదే ఆధారం. ఎటు తిరగాలి, ఎత్తిన గుంటలోనూ ఒక గింజ వేయాలా, చివరి గింజ పడ్డాక ఏం చేయాలి అన్న తేడాలు దాని పక్కన చిన్న చేర్పులు, అంతే. ఆటల చుట్టరికం ఆ పాఠాల్లోనే కంటికి కనబడుతుంది.

లోపలి అల్లిక ఇంకా ముచ్చటైనది. ప్రతి లూడీమ్ వెనకా జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఒక క్లాసు, అంటే ఒక ప్రోగ్రాము ముక్క, ఉంటుంది. భాష వ్యాకరణం ఆ క్లాసుల్లోంచి దానంతటదే తయారవుతుంది. కొత్త క్లాసు చేర్చగానే కొత్త మాట భాషలో చేరిపోతుంది. వ్యాకరణం ఒక దారి, ప్రోగ్రాము ఒక దారి పట్టే ప్రమాదం లేదు.

ఇక పులి-మేక సంగతి. మూడు పులులు, పదిహేను మేకలు. మేక మీదుగా పులి దూకితే మేక చచ్చినట్టే, పులులు కదలలేకపోతే మేకలవాడు గెలిచినట్టే. అన్ని మేకలూ దిగేదాకా ఒక్క మేకా కదలకూడదని కొందరు, కదలవచ్చని కొందరు. ఏది అసలైనదని తేల్చే పని లూడీ పెట్టుకోదు; ఒకే ఆట కింద వేర్వేరు నియమావళులను పక్కపక్కనే ఉంచగలదు. సంప్రదాయాన్ని భద్రపరుస్తామనే చాలామందికి ఈ ఓపిక ఉండదు.

కృత్రిమ మేధ దీని తర్వాతే వస్తుంది. పాఠం రాసేస్తే చాలు, ఎత్తులను యాదృచ్ఛికంగా ఆడిచూసి మంచిదాన్ని ఎంచుకునే మాంటెకార్లో వృక్ష శోధనతో యంత్రం ఆ ఆటను ఎవరూ నేర్పకుండానే ఆడుతుంది, తనతో తాను వేల ఆటలు కూడా. ప్రతిసారీ పులులే గెలుస్తుంటే, లేదా ఆట ఎప్పటికీ తెగకపోతే, రాసిన నియమం ఎక్కడో తప్పిందని అనుమానించవచ్చు. (సమతూకం లేని ఆటలనూ మనుషులు తరతరాలు ఇష్టంగా ఆడారు.)

ఇలా ఆడించి చూడటం మరిచిపోయిన ఆటలను వెతకడానికీ పనికొచ్చింది. నెదర్లాండ్స్‌లోని హెర్లెన్ పట్టణంలో, అంటే రోమన్ల నాటి కోరియోవాలమ్‌లో, గీతలు చెక్కిన ఒక సున్నపురాయి దొరికింది. దాని మీద కొన్ని గీతలు మిగతావాటికన్నా ఎక్కువ అరిగాయి. పురావస్తు పరిశోధకుడు వాల్టర్ క్రిస్ట్, ఆయన సహచరులు రకరకాల నియమాలతో లూడీ చేత ఆడించి, ఏ నియమాలైతే పావులు ఆ గీతల మీదే ఎక్కువ తిరుగుతాయో చూశారు. ఎదుటివాడి పావులను కదలకుండా కట్టేసే ఆటలు సరిపోయాయి. మన పులిని కట్టేయడం లాంటివే. రాతి అరుగుదలను సాక్ష్యంగా నిలబెట్టిన ఆ ఆలోచన నాకు ఈ పనంతటిలో అందమైన భాగం. అయితే పరీక్షకు పెట్టిన నియమాలు ఐరోపాలో తెలిసిన ఆటల నుంచి తీసుకున్నవే. జవాబు వాటిలోంచే రావాలి. రోమన్లు ఆడి మరిచిపోయిన, మరెవరూ ఆడని ఆట ఒకటి ఉండి ఉంటే, ఈ పద్ధతికి అది దొరకదు.