‘నష్టం’ అనే గడి: కోలారు బంగారు శుద్ధి కర్మాగారాల లెక్కలు – విమర్శనాత్మక పరిశీలన

సంగ్రహం: కోలారు గనుల చరిత్ర రచనలో శుద్ధి కర్మాగారాల లెక్కలను ఉత్పత్తి గణాంకాలుగా మాత్రమే స్వీకరించడం పరిపాటి. వాటిలో ‘నష్టం’ అనే భావనకున్న పరిధిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కోలారు, సైనైడ్ ప్రక్రియ, అభిలేఖాలు, కార్మిక చరిత్ర.

ప్రస్తావన

1880 దశకం నుంచి 1956లో మైసూరు ప్రభుత్వం స్వాధీనం చేసుకునే వరకు కోలారు గనులు జాన్ టేలర్ అండ్ సన్స్ నిర్వహణలో సాగాయి. ఎన్ని టన్నుల రాయిని దంచారు, ఎన్ని ఔన్సుల బంగారం రాబట్టారు అన్న వివరాలు లండన్‌లోని వాటాదారులకు క్రమం తప్పకుండా చేరేవి. కర్మాగారపు లెక్క పుట్టినది ఆ పాఠకుల కోసమే. దాని భాషను అర్థం చేసుకోవడానికి ఈ విషయమే తొలి ఆధారం.

లెక్కలోని నష్టం

స్టాంపు మిల్లులో దంచిన రాతిపిండిని నీటితో కలిపి, పాదరసం పూసిన రాగి పలకల మీదుగా పారించేవారు. బంగారం పాదరసంతో కలిసి పలకకు అంటుకునేది. ఆ మిశ్రమాన్ని బట్టీలో వేడిచేసి పాదరసాన్ని వేరుచేసేవారు. మిగిలిన ఇసుకలోని బంగారాన్ని కరిగించి తీయడానికి, 1887లో పేటెంటు పొందిన సైనైడ్ పద్ధతి తోడ్పడింది. రాతిలో ఉన్న బంగారానికీ చేతికందిన బంగారానికీ మధ్య తేడాయే ఈ లెక్కల్లో ‘నష్టం’. ఖర్చయిన పాదరసం కూడా కొనుగోలు వ్యయంగానే నమోదయ్యేది. ఆవిరైన పాదరసాన్ని ఎవరు పీల్చారన్న ప్రశ్నకు ఆ పట్టికలో గడి లేదు.

వ్యర్థ ఇసుక విషయమూ ఇంతే. నేటికీ కోలారులో నిలిచి ఉన్న సైనైడ్ దిబ్బలు కంపెనీ దృష్టిలో ఇంకా కొంత బంగారం దాగిన నిల్వలు. గాలికి లేచే ఆ దుమ్ము ఊరివారికి నిత్యానుభవం.

లెక్కలోని మనిషి

ఈ అభిలేఖాల్లో కార్మికుడు ప్రధానంగా కూలి వ్యయంగానో, బంగారు దొంగతనం కేసుల్లో అనుమానితుడిగానో కనిపిస్తాడు. వేలిముద్రలతో కూడిన నమోదును వ్యతిరేకిస్తూ 1930లో జరిగిన సమ్మె ఈ నిఘాకు వచ్చిన ప్రతిస్పందన. తెలుగు పరిశోధకులకు మరొక చిక్కు ఉంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు చిత్తూరు, పలమనేరు ప్రాంతాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. కాబట్టి అంతకు పూర్వపు పత్రాల్లో ‘ఉత్తర ఆర్కాటు’ అని ఉన్నంత మాత్రాన ఆ కార్మికుడు తమిళుడని నిర్ధారించడం తొందరపాటు అవుతుంది.

ముగింపు

ఈ లెక్కలు అబద్ధాలని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. గడి లేకపోవడాన్ని దురుద్దేశానికి రుజువుగా భావించడమూ సరికాదు. అయితే బంగారాన్ని ఔన్సులలో తూచిన వ్యవస్థ దేనిని తూచనక్కరలేదనుకున్నదో గుర్తించడం విమర్శకుని బాధ్యత. కర్మాగారపు పట్టికలను ఆసుపత్రి, పోలీసు పత్రాలతోనూ, గని కుటుంబాల మౌఖిక కథనాలతోనూ కలిపి చదవాలి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అక్కడ పనిచేసిన తరం వృద్ధాప్యంలో ఉంది. పత్రాలకన్నా ముందు కనుమరుగయ్యేవి ఆ కథనాలే.