తెరచాప పాఠములో మరచిన పలక

బలాల వియోజనాన్ని బోధించేటప్పుడు మనము నల్లబల్లమీద రెండు పడవ బొమ్మలు వేస్తాము. ఒకటి, గట్టుమీద మనిషి తాడు పట్టి లాగే పడవ. రెండవది, తెరచాప ఎత్తిన పడవ. ఈ రెండవ బొమ్మ మంచిదే. గాలి ఎటు వీస్తే పడవ అటే పోవాలనే భ్రమను అది తొలగిస్తుంది. అయినా ఆ పాఠములో ఒక పెద్ద లోపమున్నది.

చాపమీద పడే బలము 100 న్యూటన్లనీ, అది పడవ పొడవు దిశతో 70 డిగ్రీల కోణము చేస్తున్నదనీ అనుకొందాము. ముందుకు నడిపే అంశము సుమారు 34 న్యూటన్లు. పక్కకు నెట్టే అంశము సుమారు 94. మనము 34ను చూపి సంతోషిస్తాము. 94ను మాత్రము "నీటి నిరోధమువల్ల రద్దవుతుంది" అని ఒక్క ముక్కలో దాటవేస్తాము. దాదాపు మూడు రెట్లున్న బలాన్ని ఇలా కొట్టివేయడము లెక్కకు చెల్లవచ్చును గాని, పడవకు చెల్లదు.

నేనూ కొన్నేళ్లు అలాగే చెప్పాను. ఒకనాడు దివిసీమనుంచి వచ్చిన విద్యార్థి లేచి, "మా తాత కాలువ పడవమీద పనిచేశాడండి. వెనుకగాలి ఉంటేనే చాప ఎత్తేవారట. లేకపోతే గట్టెక్కి తాడు లాగేవారట. మీ బొమ్మలో పడవ ఎదురుగాలికి ఎలా పోతున్నది?" అని అడిగాడు. నావద్ద వెంటనే జవాబు లేకపోయింది.

జవాబు పడవ అడుగున ఉన్నది. 1852-55 మధ్య బెజవాడవద్ద ఆనకట్ట కట్టిన తరువాత డెల్టా కాలువలు సాగుకే గాక రవాణాకు కూడా ఉపయోగపడినాయి. వాటి లోతు తక్కువ. అందుచేత పడవల అడుగు బల్లపరుపుగా ఉండేది. అటువంటి అడుగును పక్కకు నెడితే నీరు అంతగా అడ్డగించదు. నిరోధము ఊరకే రాదు. నీటిలో నిలువుగా దిగిన వైశాల్యము కావలె. సముద్రపు ఓడకు ఆ పని చేసేది కీల్ అనే అడుగు భాగము. లోతైన కీల్ మన కాలువలోనో, నదీముఖములోనో బురదలో దిగబడుతుంది. కావలసినప్పుడు దించి, అక్కరలేనప్పుడు ఎత్తుకొనే పలక ఈ చిక్కును తీరుస్తుంది.

ఈ ఊహ కొత్తది కాదు. మన తూర్పుతీరపు తెప్పలవారు పలకను నీటిలోకి దించి పక్కవాటును తగ్గించుకొనేవారు. బ్రిటిష్ నౌకాధికారి జాన్ షాంక్ 1774లో బోస్టనులో జారుడు కీల్ గల పడవను కట్టించాడు. ఆయన పద్ధతిపై మూడు జారుడు కీళ్లతో 1798లో నిర్మించిన 'లేడీ నెల్సన్' అనే చిన్న ఓడ 1800 డిసెంబరులో సిడ్నీ చేరింది. నేడు హైదరాబాదు హుస్సేన్ సాగరులో పోటీలకు దిగే లేజర్ పడవలలో కూడా చేతితో దించి ఎత్తే పలకే ఉంటుంది. పెద్ద యాట్ పడవలలో ఈ పలకకు బరువు చేర్చి, తాడుతోనో యంత్రముతోనో ఎత్తుతారు.

మనము వదిలివేసిన ఆ 94 న్యూటన్లు ఎక్కడికి పోతాయో ఈ పలకను మరమ్మతు చేసేవానికి బాగా తెలుసు. అవి పలకను ఒక పక్కకు వంచుతాయి. పడవ దిశ మార్చగానే రెండవ పక్కకు వంచుతాయి. అందుచేత పలక దిగే గూడు పడవ అడుగుతో కలిసేచోట అతుకు సడలి నీరు ఊరుతుంది. పైన రంగు పూస్తే అది ఆగదు. పాత లప్పమంతా తీసి, కొయ్యను ఆరబెట్టి, అతుకును మళ్లీ వేయవలె. పలక తిరిగే ఇరుసు రంధ్రము కోలగా అరుగుతుంది. దానికి లావుపాటి ఇరుసు తొడగడము తాత్కాలిక చికిత్స. రంధ్రాన్ని పూడ్చి, సరియైన కొలతకు మళ్లీ తొలవడమే మేలు. ఉప్పునీటిలో ఉక్కు పలకకు కంచు ఇరుసు వేస్తే ఆ జత ఒక విద్యుత్ఘటమై ఉక్కును తినివేస్తుంది. గూటిలో ఇసుక, నత్తగుల్లలు చేరితే పలక పట్టుకొంటుంది. సుత్తితో కొట్టరాదు, మంచినీటితో కడగవలె. ఎత్తుడు తాడు తెగకముందే మార్చవలె. బరువు పలక ఇరుసును విప్పేముందు కింద గట్టి ఆధారము పెట్టవలె. తాడును నమ్మి చేయి పెట్టరాదు.

మరొక సంగతి. బరువు పలకను ఎత్తితే గరిమనాభి పైకి వస్తుంది. ఒరిగిన పడవను నిలబెట్టే భ్రామకము తగ్గుతుంది. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంవద్ద పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా మరణించారు. ఆ పడవ సంగతి వేరు. కాని గరిమనాభి పరీక్షపత్రములోని రెండు మార్కుల ప్రశ్న మాత్రమే కాదని కృష్ణ ఒడ్డున ఉన్న మనకు ఎవరూ వేరే చెప్పనక్కరలేదు.

పదాల విషయములోనూ కొంత జాగ్రత్త కావలె. 'కీల్' అని రాస్తే విద్యార్థి మన 'కీలు' అనుకొంటాడు. ఈ పలక నిజముగానే ఒక కీలుమీద తిరుగుతుంది గనుక గందరగోళము మరింత పెరుగుతుంది. 'ఎత్తుడు పలక' అంటే చూడగానే అర్థమవుతుంది.

ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. బల్లపరుపు చెక్కముక్కకు సన్నని చీలిక పెట్టి, అందులో రేకుముక్కను దించి, నీటితొట్టిలో వదలండి. పక్కనుంచి విసనకర్రతో విసరండి. రేకు తీసి మళ్లీ విసరండి. ఎంత దూరము పక్కకు జరిగిందో రెండుసార్లూ పిల్లలచేతనే కొలిపించండి. ఆ తరువాత నల్లబల్లమీద 94 న్యూటన్ల బాణము గీస్తే, దాన్ని కొట్టివేయడానికి పిల్లలే ఒప్పుకోరు.