‘కానిచో’ అను శాఖ

ఫ్లోచార్టు నేర్పునపుడు గుర్తింపు తనిఖీని ఉదాహరణగా తీసికొనుట పరిపాటి. పేరు, పాస్‌వర్డు పుచ్చుకొనుము. సరిపోయినచో లోనికి పంపుము. కానిచో మరల అడుగుము. వజ్రాకారపు గడి ఒకటి, దాని నుండి రెండు బాణములు. బొమ్మ ముచ్చటగానే యుండును గాని అది నేర్పునది సగమే. అందులో ‘కాదు’ అనుదానికి ఒకే అర్థమున్నట్లు తోచును.

2017 నవంబరు 28వ తేదీన ఆపిల్ కంపెనీవారి మాక్ కంప్యూటర్లలోని ‘హై సియెర్రా’ వ్యవస్థను గూర్చి ఒక వింత లోకమునకు వెల్లడియైనది. పేరు దగ్గర ‘రూట్’ అని వ్రాసి, పాస్‌వర్డు గడిని ఖాళీగా వదలి, రెండు మూడుసార్లు మీట నొక్కినచో సర్వాధికారము చేతికి వచ్చుచుండెను. రూట్ అనగా యంత్రమునకు యజమాని వంటి ఖాతా. మామూలుగా అది మూసియుండును; దానికి పాస్‌వర్డే ఉండదు.

ప్రోగ్రామును విప్పి చూచిన నిపుణులు కారణము ఇట్లు తేల్చిరి. ఖాతాకు కొత్త పద్ధతిలో దాచిన పాస్‌వర్డు గుర్తు ఉన్నదా అని ప్రోగ్రాము మొదట చూచును. లేనిచో, ఇది పాత పద్ధతి ఖాతా కాబోలునని వేరొక శాఖకు మళ్లును. అక్కడ పాత రీతిగా సరిచూచి, సరిపోయినచో, టైపు చేసిన పదమును కొత్త పద్ధతిలో భద్రపరచవలెను. సరిచూచిన ఫలితమును పరీక్షించు షరతు తప్పుగా ఉండుటచే, ఓటమి గెలుపుగా చెల్లిపోయినది. ఖాళీ పాస్‌వర్డే కొత్త పాస్‌వర్డుగా నమోదై, ఖాతా తెరువబడినది. మరల నొక్కగా అంతయు సక్రమముగా సరిపోయినది! తాళము లేని తలుపునకు దొంగ తెచ్చిన తాళమునే బిగించి, చెవిని వాని చేతికే ఇచ్చినట్లు. మరునాడే కంపెనీవారు దిద్దుబాటు విడుదల చేసిరి.

సాల్ట్‌జర్, ష్రోడర్ అను శాస్త్రజ్ఞులు 1975లోనే ఒక సూత్రము చెప్పియుండిరి: అనుమతి స్పష్టముగా రుజువైననే తప్ప నిరాకరణయే జరుగవలెను. పై శాఖ ఈ సూత్రమును మరచినది.

అయితే ఈ సూత్రమునే కన్నులు మూసికొని రేషను దుకాణమునకు తెచ్చినచో ఏమగును? ఆధార్ తనిఖీలో వేలిముద్ర సరిపోలనిచో ‘కాదు’ అను జవాబుతో 300 అను లోప సంఖ్య వచ్చును. ఆ వ్యక్తి వేలిముద్రలే కేంద్ర భాండారములో లేనిచో 811 వచ్చును. ఇక నెట్‌వర్కు అందనిచో జవాబే రాదు. ఈ మూడింటిని ఒకే బాణముతో ‘వెనుకకు పంపుము’ అను గడికి కలిపిన విధానము, నా అభిప్రాయములో, ప్రోగ్రాము పేరునకు తగదు. మట్టిపనిలో వేళ్ల గీతలరిగిన ముసలమ్మ దొంగ కాదు గదా! కంప్యూటరు వద్ద నిరాకరణ క్షేమకరము. బియ్యపు బస్తా వద్ద అదే ఆకలి. గుర్తింపు విఫలమైన మాత్రమున అర్హుల హక్కు పోరాదని 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో సుప్రీంకోర్టు కూడ చెప్పినది. కనుపాప తనిఖీ, ఫోనుకు వచ్చు ఓటీపీ, చివరకు చేతివ్రాత పుస్తకములో నమోదు — ఇవన్నియు ‘కానిచో’ తరువాత గీయవలసిన గడులే. ఫోను లేనివానికి ఓటీపీ గడి మరల మూసిన తలుపే. కనుక పుస్తకపు గడిని చెరిపివేయరాదు.

ఉపాధ్యాయులు ఈసారి ఆ బొమ్మను బోర్డుపై గీసినపుడు, ‘కాదు’ బాణము కొసను ఖాళీగా వదలి, అచట ఎన్ని గడులు కావలెనో తరగతినే చెప్పనిచ్చిన బాగుండును.