పెద్ద తుపాకి పట్టినవాడి బాధ్యత

పావగడ తాలూకాలోని మా క్యాతగానచెర్లు చుట్టుపక్కల ఏనుగు లేదు, అడవిదున్న లేదు. ఉన్నవల్లా అడవి పందులు, ఎలుగ్గొడ్లు, అప్పుడప్పుడు గుట్టల మీద ఓ చిరుత. ఇప్పుడు తిరుమణి వైపు పోతే కంటికి ఆనేదంతా సోలార్ పలకలే. మా ఊరితో కలిపి ఐదు ఊళ్ల భూములు, దాదాపు 13,000 ఎకరాలు వాటి కిందికి పోయాయి. ఇలాంటి చోట పుట్టినవాడికి ఏనుగుల తుపాకుల మీద ధ్యాస ఎందుకని అడుగుతుంటారు. ఆ ధ్యాస మా జేజినాయన పన్నెండు బోరు ఒంటిగొట్టం తుపాకి దగ్గర మొదలైంది. శెనక్కాయ చేను కాపలాకు లైసెన్సు తీసుకున్న తుపాకి అది.

ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు పట్టే గొట్టం పన్నెండు బోరు. అంకె తగ్గేకొద్దీ గుండు పెరుగుతుంది. ఎనిమిది బోరు గుండు 57 గ్రాములు. నాలుగు బోరుది 113 గ్రాములు, అడ్డకొలత అంగుళం పైనే. 1870ల్లో మైసూరు సంస్థానంలో ఖెడ్డాలు నడిపి ఏనుగుల్ని పట్టిన శాండర్సన్ వాడినవాటిలో ఈ నాలుగు బోరు కూడా ఉంది. ఎనిమిది కిలోలు దాటే బరువు. ఆనాటి తుపాకి మందుతో గుండుకు వేగం రాదు. ఏనుగు తల ఎముకలోకి దిగాలంటే గుండు బరువు పెంచడం తప్ప వాళ్లకు వేరే దారి లేకపోయింది.

గుండుకు వేగమిచ్చే కార్డైట్ మందు వచ్చాక అంత బరువు గుండు అవసరం తీరింది. 1898లో రిగ్బీ కంపెనీ .450 రైఫిల్ తెచ్చింది. 31 గ్రాముల గుండే నాలుగు బోరు చేసే పని చేసింది. అయితే 1907లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ .450 కొలతను ఇండియాలోకి రానివ్వకుండా నిషేధించింది. పాత మార్టినీ-హెన్రీ సైనిక రైఫిళ్లదీ అదే కొలత. తిరుగుబాటు చేసేవాళ్ల చేతికి ఆ గుండ్లు చేరతాయని భయం. దాంతో వేట తుపాకులు .465, .470, .475 అంటూ కొత్త కొలతల్లోకి మారాయి. మన ఎండలకు కార్డైట్ వేడెక్కి గొట్టంలో ఒత్తిడి పెరిగేది కాబట్టి, ఇక్కడికి పంపే తూటాల్లో మందు కాస్త తగ్గించి నింపేవాళ్లు.

కొడగులో ఒక కాఫీ తోట యజమాని ఇంట్లో అలాంటి .470 జంటగొట్టం రైఫిల్ పట్టి చూశాను. బరువు ఐదు కిలోలు. తూటా నాలుగంగుళాలు, మొనలో 32 గ్రాముల గుండు. రెండు గొట్టాలకు రెండు మీటలు, రెండు వేర్వేరు యంత్రాలు. ఒకటి మొరాయించినా రెండోది పేలుతుంది. బోల్టు లాగే పని లేదు, వేలు వెనక మీటకు జరిపితే చాలు. గొట్టాల మొనల మధ్య చిన్న ఇనప చీలిక పెట్టి, కాల్చి చూసి, టంకం కరిగించి చీలికను జరిపి, మళ్లీ కాల్చి, రెండు గుండ్లూ ఒకే చోట తగిలేదాకా పనివాడు సర్దుతాడు. అది కూడా యాభై, నూరు గజాల దూరానికే. దూరం నుంచి కాల్చడానికి చేసిన వస్తువు కాదది. దగ్గరికి వెళ్లి కాల్చినవాడి మీదికి జంతువు ఉరికి వస్తే, రెండో దెబ్బతో దాన్ని అక్కడే ఆపడానికి చేసింది.

ఇది మరిచిపోయి, గుండు పెద్దదైతే గురి ఎలా ఉన్నా ఫరవాలేదనుకున్నవాళ్ల వల్లే నష్టం జరిగింది. ఆఫ్రికాలో బెల్ అనే ఆయన వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు, ఎక్కువ భాగం 7 మిల్లీమీటర్ల చిన్న రైఫిల్‌తోనే. ఆ సంఖ్య చదివితే నాకు ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఏనుగు పుర్రెను రంపంతో కోయించి, మెదడు ఎక్కడుందో కళ్లారా చూసుకున్నాకే కాల్చాడన్నది మరవకూడదు. గురి తప్పితే ఏమవుతుందో తెలియాలంటే, 1907లో జిమ్ కార్బెట్ చంపిన నరభక్షకి చంపావత్ ఆడపులిని తీసుకోండి. దాని కోరలు ఎవరిదో పాత తుపాకి దెబ్బకు విరిగిపోయి ఉన్నాయి. ఆ ఒక్క తప్పు గురి తర్వాత అది 436 మందిని పొట్టన పెట్టుకుందని లెక్క. మంచె మీద కూర్చుని, జనం డప్పులతో తోలుకొచ్చిన పులిని కాల్చి, దాని పక్కన నిలబడి ఫొటో దిగే దొరల వేటను నేను పనితనం కింద లెక్కవేయను. వైస్రాయ్ కర్జన్ దంపతులు నెక్కొండ దగ్గర తీయించుకున్న ఫొటో చాలామంది చూసే ఉంటారు.

బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉన్నది .405 వించెస్టర్. అప్పటి చిత్తూరు జిల్లా చామల, మామండూరు అడవుల్లో తిరిగింది, అరసికెరె వైపు మనుషుల మీద పడిన ఎలుగుబంటిని వెంటాడి చంపింది ఆయనే. రచయిత పూర్ణచంద్ర తేజస్వి కన్నడలోకి తెచ్చిన ఆయన వేట కథలు మా వైపు చదువుకున్న ఇళ్లలో చాలామందికి తెలుసు. అందులో నాకు నచ్చేది తుపాకి కాదు, గాయపడిన జంతువును వదిలేసి ఇంటికి రాలేని ఆ మనిషి పట్టుదల. మా జేజినాయన గట్టు దాటి ఉన్న పంది మీదికి తుపాకి ఎత్తేవాడు కాదు. "దెబ్బ తిన్నది మన చేన్లో చావదు రా, ఎవురి మీదికో పోతాది" అనేవాడు.

1972 వన్యప్రాణి రక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణతో సరదా వేట పూర్తిగా ముగిసింది, ముగియడమే మేలు. పదకొండో సెక్షన్ కింద, ప్రాణాలు తీస్తున్న జంతువును పట్టుకోవడానికి, మత్తిచ్చి తరలించడానికి వీలు లేదని తేలితేనే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ చంపమని రాతపూర్వకంగా ఆదేశిస్తాడు. 2017లో బీహార్, జార్ఖండ్‌లలో 15 మందిని చంపిన ఏనుగు కోసం హైదరాబాదు నుంచి వేటగాడు నవాబ్ షఫత్ అలీఖాన్‌ను పిలిపించాల్సి వచ్చింది. పెద్ద రైఫిల్‌తో నిలకడగా కాల్చగల మనుషులు అటవీ శాఖలోనే ఉండాలి. బయటివాణ్ణి వెతుక్కునే లోపు మరో ప్రాణం పోతుంది.

పావగడ, మడకశిర, మధుగిరి గుట్టల కింద చేలున్న రైతులకు నా విన్నపం ఒకటుంది. పందికి పెట్టిన ఉచ్చులో పడో, నాటు తుపాకి దెబ్బ తగిలో ఎలుగ్గొడ్డు గానీ చిరుత గానీ గాయంతో తప్పించుకుంటే, కేసు పడుతుందని దాచకండి. ఆ రాత్రే ఫారెస్టు వాళ్లకు చెప్పండి. తెల్లారి ఆ గుట్టకు మేకల్ని తోలుకుపోయేది మన పిల్లోళ్లే.